రిడీమ్ కోడ్ కొడితే ఇన్వాలిడ్ అంటోంది, మా గిల్డ్ లో ఒక్కరికీ పడట్లేదు, కొంచెం హెల్ప్ చేయండి

#1 నీలికత్తి
అందరికీ నమస్తే. నిన్న మేం ఆడే గేమ్ వాళ్ళు లైవ్ స్ట్రీమ్ లో మూడు కోడ్లు ఇచ్చారు. రెండు వెంటనే పడ్డాయి, జెమ్స్ (గేమ్ లో డబ్బులాంటివి) కూడా వచ్చేశాయి. మూడోది మాత్రం ఎన్నిసార్లు కొట్టినా ఇన్వాలిడ్ కోడ్ అనే వస్తోంది. నేను స్ట్రీమ్ చూడలేదు, మా గిల్డ్ గ్రూపులో ఒక తమ్ముడు చూస్తూ టైప్ చేసి పెట్టాడు, అందరం అక్కడి నుంచే కాపీ చేసుకున్నాం. పదిమందిమి ఉన్నాం, పదిమందికీ ఇదే. కాపీ పేస్ట్ కాబట్టి అక్షరం తప్పే ఛాన్స్ లేదు అనుకుంటున్నా. గేమ్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశా, క్యాష్ క్లియర్ చేశా, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేశా, ఏం మారలేదు. ఆ మూడో కోడ్ లోనే ఎక్కువ జెమ్స్ ఉన్నాయి, నేను ఒక్క రూపాయి పెట్టకుండా నెలన్నర నుంచి కూడబెడుతున్నా, బ్యానర్ (కొన్నాళ్ళే ఉండే లక్కీ డ్రా) ఎల్లుండి వెళ్ళిపోతుంది, ఆ కోడ్ పడితేనే నాకు పది పుల్స్, అంటే పది డ్రాలు, పూర్తవుతాయి. ఎవరికైనా తెలిస్తే ప్లీజ్.

#2 లెవెల్_అరవై
బ్రో ముందు ఒకటి చెప్పు, ఇన్వాలిడ్ అనే వచ్చిందా, లేక ఎక్స్‌పైర్డ్ అనో ఆల్రెడీ యూజ్డ్ అనో వచ్చిందా? అందరూ "పడలేదు" అని ఒక్కమాటలో చెప్పేస్తారు కానీ ఆ మెసేజ్ లోనే సగం జవాబు ఉంటుంది. ఎక్స్‌పైర్డ్ అంటే సర్వర్ కి ఆ కోడ్ తెలుసు, టైమ్ దాటిపోయింది అని. ఆల్రెడీ యూజ్డ్ అంటే నీ అకౌంట్ లో ఇది గానీ, ఇదే బ్యాచ్ లో ఇంకోటి గానీ వాడేశావు అని, కొన్ని గేముల్లో ఒక ఈవెంట్ కి ఎన్ని కోడ్లు బయటికి వచ్చినా మనిషికి ఒకటే పడుతుంది. లిమిట్ రీచ్డ్ అంటే మొదటి ఇంతమందికే అని పెట్టిన కోటా అయిపోయింది. ఇన్వాలిడ్ అంటే మాత్రం చాలా గేముల్లో అసలు అలాంటి కోడే తన దగ్గర లేదు అని అర్థం. స్క్రీన్‌షాట్ పెట్టు.

#3 మల్లెతీగ
నాకు ఇంకో ప్రాబ్లం అండి, నాది ఐఫోన్, సెట్టింగ్స్ మొత్తం వెతికినా కోడ్ కొట్టే బాక్సే కనబడట్లేదు. మా చెల్లి ఆండ్రాయిడ్ లో అదే గేమ్ లో ఉంది. ఇక్కడే అడగొచ్చా?

#4 నీలికత్తి
స్క్రీన్‌షాట్ పెట్టా అన్నా చూడు, ఇన్వాలిడ్ అనే ఉంది. ఇంకో విషయం, ఇందాక వరసగా ఓ పదిహేనుసార్లు కొట్టేసరికి ఇప్పుడు "కాసేపాగి ప్రయత్నించండి" అని లాక్ చేసేసింది. అకౌంట్ ఏమన్నా బ్యాన్ అవుతుందా?

#5 లెవెల్_అరవై
బ్యాన్ అవ్వదు, కంగారు పడకు. వరసగా తప్పులు కొడితే ప్రోగ్రాం పెట్టి గెస్ చేస్తున్నారేమో అని సర్వర్ కాసేపు ఆపేస్తుంది, దానంతట అదే తీసేస్తుంది. కానీ ఊరికే కొడుతూ ఉంటే ఆ టైమ్ పెరుగుతుంది కొన్ని గేముల్లో, కాబట్టి చెయ్యి తీసెయ్ అక్కడి నుంచి.

#6 పాతకాపు
నేను చాలా గేముల్లో ఈ కోడ్ల వెనక తిరిగినవాణ్ణి కాబట్టి రెండు ముక్కలు చెప్తా. చాలామందికి తగిలేది గెస్ట్ అకౌంట్. ఫ్రీ ఫైర్ రిడీమ్ పేజీలో అయితే స్పష్టంగా రాసే ఉంటుంది, గెస్ట్ అకౌంట్ తో రివార్డ్స్ తీసుకోలేరు, ఫేస్‌బుక్ లాంటి దేనికైనా బైండ్ చేసుకోండి అని. రెండోది లెవెల్, గెన్‌షిన్ ఇంపాక్ట్ లో అడ్వెంచర్ ర్యాంక్ 10 దాటకపోతే కోడ్ తీసుకోదు, కొత్తగా చేరినవాళ్ళు మొదటిరోజే కోడ్ కొట్టి పడట్లేదని బాధపడతారు. మూడోది రీజియన్, ఒక రీజియన్ కి ఇచ్చిన కోడ్ ఇంకో రీజియన్ అకౌంట్ లో పడదు. గేమ్ అప్‌డేట్ చేశావా లేదా కూడా చూసుకో, కొత్త వెర్షన్ ఐటమ్ కి ఇచ్చిన కోడ్ పాత వెర్షన్ లో కొడితే మొరాయించడం నేను చూశా.

#7 నీలికత్తి
గెస్ట్ కాదన్నా, మెయిల్ కి లింక్ చేసే ఉంది. మిగతా రెండు కోడ్లు ఇదే అకౌంట్ లో పడ్డాయి కదా, కాబట్టి లెవెల్, రీజియన్, వెర్షన్ ఇవేవీ కాదేమో. ఆ ఒక్క కోడే.

#8 తుఫాను_99
వీపీఎన్ పెట్టి ట్రై చెయ్ బ్రో. లేదంటే కోడ్ జనరేటర్ సైట్ ఒకటుంది, యూజర్ ఐడీ కొడితే ఫ్రెష్ కోడ్ ఇస్తుంది, హ్యూమన్ వెరిఫికేషన్ అని రెండు యాప్స్ దించుకోమంటుంది అంతే. [లింక్ తొలగించబడింది]

#9 మోడరేటర్
లింక్ తీసేశాను. తుఫాను గారు, మీరు మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు, కానీ ఇలాంటి సైట్లు ఇక్కడ పెట్టొద్దు. ఇప్పటికే ఎవరైనా క్లిక్ చేసి అక్కడ పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ ఇచ్చి ఉంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చండి, లింక్ చేసిన మెయిల్ పాస్‌వర్డ్ కూడా మార్చండి, అన్ని డివైజుల నుంచి లాగౌట్ కొట్టండి, దించుకున్న యాప్స్ తీసేయండి.

#10 సంధ్యారాగం
మోడరేటర్ గారు చెప్పింది దయచేసి అందరూ సీరియస్ గా తీసుకోండి. నా అకౌంట్ అలాగే పోయింది. నాలుగేళ్ళు ఆడింది. సరిగ్గా ఇలాంటి పేజీయే, గేమ్ లోగో, గేమ్ రంగులు, పైన ఇంకో రెండు గంటలే అని టైమర్ తిరుగుతూ ఉంది, కోడ్ పడాలంటే లాగిన్ అవ్వమంది, అయ్యా, తర్వాత ఓటీపీ అడిగింది, ఇచ్చా. తెల్లారి లేచేసరికి మెయిల్ మార్చేశారు. సపోర్ట్ వాళ్ళతో మూడు వారాలు తిరిగినా, మొదట అకౌంట్ ఎప్పుడు ఓపెన్ చేశారు, ఏ డివైజ్ లో, మొదటి బిల్లు ఏది అని అడుగుతారు, నా దగ్గర ఏ ఒక్కటీ లేదు. ఇప్పటికీ నా క్యారెక్టర్ ఫ్రెండ్స్ లిస్టులో ఆన్‌లైన్ అని కనిపిస్తుంటే చాలా కష్టంగా ఉంటుంది. జెమ్స్ కోసం ఓటీపీ ఇవ్వకండి.

#11 తుఫాను_99
అక్కా సారీ, నాకు నిజంగా తెలీదు. నేనూ ఆ సైట్ లో యూజర్ ఐడీ కొట్టా, పాస్‌వర్డ్ అయితే ఇవ్వలేదు. ఆ రెండు యాప్స్ ఇప్పుడే తీసేస్తున్నా.

#12 సర్వర్_గది
నేను గేమ్ కంపెనీలో కాదు కానీ కూపన్ కోడ్లు నడిపే సిస్టమ్ మీద పనిచేస్తా, కాబట్టి జనరేటర్ ఎందుకు పనిచేయదో చెప్తా. కోడ్ అనేది ఏదో ఫార్ములాతో ఎవరైనా తయారు చేసుకునేది కాదు. కంపెనీ వాళ్ళు ముందే కోడ్లు పుట్టించి తమ డేటాబేస్ లో పెట్టుకుంటారు, నువ్వు కొట్టింది ఆ పట్టికలో ఉందా లేదా అని చూస్తారు, అంతే. 26 ఇంగ్లీష్ అక్షరాలు, 10 అంకెలు కలిపి 12 స్థానాల కోడ్ అంటే 47 వేల కోటి కోట్లకు పైన కాంబినేషన్లు. అందులో కంపెనీ పెట్టుకున్నవి కొన్ని వేలో లక్షలో. బయట కూర్చున్న సైట్ కి అవి ఎలా తెలుస్తాయి? వాళ్ళకి కావాల్సింది నీ చేత యాప్స్ దించడం, సర్వేలు నింపించడం, కుదిరితే అకౌంట్ కొట్టేయడం. వీపీఎన్ కూడా వేస్ట్, చాలా గేముల్లో రీజియన్ అకౌంట్ తెరిచినప్పుడే ఫిక్స్ అయిపోతుంది, ఇప్పుడు నువ్వు ఏ దేశం నుంచి వచ్చినట్టు కనబడినా అకౌంట్ మారదు. పైగా కొన్ని గేముల్లో వీపీఎన్ వాడితే రూల్స్ కి విరుద్ధం.

ఇక నీలికత్తి, నీ విషయం. పదిమందికీ ఒకేలా ఇన్వాలిడ్ వచ్చింది, పదిమందీ ఒకే మెసేజ్ నుంచి కాపీ చేశారు. అంటే తప్పు ఆ మెసేజ్ లోనే ఉంది. కాపీ చేశాను కాబట్టి తప్పు ఉండదు అంటున్నావు, నిజానికి కాపీ చేశారు కాబట్టే అదే తప్పు పదిమందికీ వచ్చింది. స్ట్రీమ్ రికార్డింగ్ ఉందా? అందులో కోడ్ కనబడే చోట ఆపి నీ మెసేజ్ తో పక్కపక్కన పెట్టి చూడు.

#13 నీలికత్తి
ఉందన్నా, ఆపి చూశా. అక్షరం అక్షరం పోల్చా, తేడా ఏం లేదు. మొత్తం పెద్ద అక్షరాలు, మధ్యలో ఒక్క సున్నా ఉంది. అది ఇంగ్లీష్ ఓ (O) అక్షరమేమో అని కూడా మార్చి చూశా, పడలేదు. స్పేస్ ఉందేమో అని ముందూ వెనకా చెరిపి చూశా. రెండింటి స్క్రీన్‌షాట్లూ పెడుతున్నా.

#14 పాతకాపు
ఓ అక్షరం, సున్నా గోల ఎప్పుడూ ఉండేదే. పెద్ద ఐ, చిన్న ఎల్, ఒకటి అంకె ఇవి మూడూ కూడా అంతే. ఎస్ కి 5, బీ కి 8 కూడా, వీడియో క్వాలిటీ తక్కువగా పెట్టుకుని చూస్తే అసలు తెలీదు.

#15 సర్వర్_గది
నీలికత్తి, నీ స్క్రీన్‌షాట్ పెద్దది చేసి చూశా. స్ట్రీమ్ లో సున్నా నిలువుగా సాగి కోడిగుడ్డులా ఉంది. మీ గ్రూపు మెసేజ్ లో సున్నా చూడు, చుట్టూ ఉన్న అక్షరాలకంటే కొంచెం పొట్టిగా, గుండ్రంగా ఉంది, గీత మందం కూడా వేరు. అది ఇంగ్లీష్ సున్నా కాదు, తెలుగు సున్న. ఇవి రెండూ చూడు: 0 ౦. మొదటిది అందరూ వాడేది, రెండోది మన తెలుగు అంకెల్లోది, ౧ ౨ ౩ లతో పాటు వచ్చేది. మన కంటికి దాదాపు ఒకటే, కంప్యూటర్ కి మాత్రం పూర్తిగా వేరు వేరు గుర్తులు. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్ లో ఇచ్చిన నంబర్ల పట్టిక) లో మామూలు సున్నా నంబర్ 48, తెలుగు సున్న నంబర్ 3174. సర్వర్ ఆ నంబర్లనే పోల్చుకుంటుంది కాబట్టి అలాంటి కోడ్ తన దగ్గర లేదు అంటుంది, అది నిజమే చెప్తోంది.

టైప్ చేసిన తమ్ముడు తెలుగు కీబోర్డ్ మీద ఉండి ఉంటాడు. తెలుగు ౧ గానీ ౨ గానీ ఉంటే ఆకారం చూసి ఎవరో ఒకరు పట్టేసేవాళ్ళు, ఆ కోడ్ లో ఉన్న ఒక్క అంకె సున్నా కావడంతో ఎవరికీ కనబడలేదు.

ఇప్పుడు ఆ మెసేజ్ ని వదిలెయ్. కీబోర్డ్ ఇంగ్లీష్ లో పెట్టుకుని, పేస్ట్ చేయకుండా, వీడియో చూస్తూ మొత్తం చేత్తో కొట్టు. నువ్వు ఇందాక ఓ పెట్టి చూశావు కానీ మామూలు సున్నా ఒక్కసారి కూడా పెట్టలేదు కదా.

#16 లెవెల్_అరవై
వామ్మో. ఇది నేను ఈ జన్మలో పట్టేవాణ్ణి కాదు. నీలికత్తి, టైమ్ చూసుకో, స్ట్రీమ్ లో గడువు 23:59 అని ఉంది కానీ కింద చిన్నగా యూటీసీ ప్లస్ 8 అని ఉంది, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం (యూటీసీ) కంటే 8 గంటలు ముందుండే టైమ్. అంటే యూటీసీ లెక్కలో 15:59 కే అయిపోతుంది. నీ ఫోన్ లో రాత్రి పన్నెండు దాకా ఉందిలే అనుకోకు. నా లెక్క ప్రకారం మూడు గంటలు కూడా లేదు.

#17 నీలికత్తి
పడిందిిిిి!! అన్నా నీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. గేమ్ లోపల బాక్స్ ఇంకా లాక్ లోనే ఉంది, అందుకే వాళ్ళ వెబ్ పేజీకి వెళ్ళి లాగిన్ అయ్యి చేత్తో కొట్టా, సక్సెస్ అని పచ్చరంగులో వచ్చింది. గ్రూపులో కూడా సరైన కోడ్ పెట్టేశా, ఒక్కొక్కరూ పడిందని చెప్తున్నారు.

#18 నీలికత్తి
కానీ ఇరవై నిమిషాలైంది, నాకు గేమ్ లోపల రివార్డ్ మెయిల్ రాలేదు. మా గిల్డ్ వాళ్ళకి వెంటనే వచ్చాయి. మళ్ళీ కొడితే ఆల్రెడీ యూజ్డ్ అంటోంది. లాగౌట్ అయ్యి వచ్చా, మెయిల్ బాక్స్ లో పాతవి చెరిపి ఖాళీ కూడా చేశా.

#19 పాతకాపు
కొన్నిసార్లు ఓ అరగంట పడుతుంది, ఆగు. మెయిల్ బాక్స్ నిండితే కొత్తవి రావు కాబట్టి చెరపడం మంచిపనే, కానీ చెరిపేముందు వాటిలో తీసుకోని రివార్డ్స్ ఏమన్నా ఉన్నాయేమో చూశావు కదా?

#20 సర్వర్_గది
వెబ్ పేజీలో లాగిన్ అయ్యాక సర్వర్ ఎంచుకోమని ఒక లిస్ట్ వస్తుంది. అందులో ఏది పెట్టావు? ఆ లిస్ట్ కింద నీ క్యారెక్టర్ పేరు దానంతట అదే వస్తుంది, ఏ పేరు వచ్చిందో గుర్తుందా?

#21 నీలికత్తి
అయ్యో. పేరు చూడలేదన్నా, టైమ్ అయిపోతోందని మొదట ఏది ఉంటే అది పెట్టి ఓకే కొట్టేశా. గేమ్ కొత్తగా దించినప్పుడు వేరే సర్వర్ లో ఒక క్యారెక్టర్ చేసి రెండురోజులు ఆడి వదిలేశా. ఇప్పుడు ఆ సర్వర్ లోకి వెళ్ళి చూశా. మెయిల్ అక్కడ ఉంది. లెవెల్ 12 క్యారెక్టర్, ఒంటిమీద మొదటిరోజు ఇచ్చిన చెక్క కత్తి, దాని మెయిల్ బాక్స్ లో జెమ్స్ అన్నీ కూర్చుని ఉన్నాయి.

#22 లెవెల్_అరవై
అరెరే. అది చాలా బాధ బ్రో. అయినా సపోర్ట్ కి ఒక టికెట్, అదే ఫిర్యాదు, పెట్టు. ఆ మెయిల్ తెరవకు, క్లెయిమ్ చేయకు, అలాగే ఉంచు. వాడేశాక అడిగితే అసలు వినరు.

#23 సర్వర్_గది
టికెట్ లో "కోడ్ పడలేదు హెల్ప్" అని రాస్తే ఎఫ్ఏక్యూ చదువుకోండి అని రెడీమేడ్ జవాబు వస్తుంది. రెండు సర్వర్ల యూజర్ ఐడీలు, కోడ్, కొట్టిన టైమ్ యూటీసీలో, మెయిల్ తెరవలేదు అన్నది, మెయిల్ స్క్రీన్‌షాట్, ఇవన్నీ మొదటి మెసేజ్ లోనే ఇవ్వు. లాగ్స్ (సర్వర్ రాసుకునే రికార్డులు) లో వెతికేవాడికి ఐడీ, టైమ్ ఉంటే ఒక నిమిషం పని, లేకపోతే నిన్ను తిరిగి అడగడానికే రెండురోజులు పోతాయి. ఇస్తారని మాత్రం నమ్మకం పెట్టుకోకు, చాలాచోట్ల ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్ కి ఏదీ మార్చరు.

ఇంకోటి, ఇది కోపంతో కాదు, పనిచేసేవాడిగా చెప్తున్నా. ఈ సున్నా ఇబ్బంది అసలు ఆటగాళ్ళ మీద పడకుండా చేయొచ్చు. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ అనే ప్రోగ్రామర్ పెట్టిన బేస్ 32 పద్ధతి (32 గుర్తులతోనే కోడ్ రాసేది) ఒకటుంది, అందులో ఐ, ఎల్, ఓ, యూ అక్షరాలు అసలు కోడ్ లోకే రావు. మనిషి పొరపాటున ఓ కొడితే సున్నా అని, ఐ గానీ ఎల్ గానీ కొడితే ఒకటి అని చదువుకుంటుంది. తెలుగు, హిందీ, అరబిక్ అంకెలు వస్తే మామూలు అంకెలుగా మార్చుకోవడం కూడా నాలుగు లైన్ల పని. మా సిస్టమ్ లో మొన్న ఇలాగే ఒకరికి కోడ్ చివర కంటికి కనబడని స్పేస్ వచ్చింది, వెడల్పు లేని స్పేస్ అన్నమాట, వెబ్ పేజీల నుంచి కాపీ చేస్తే అంటుకుని వస్తుంది, ఎంత చూసినా కనబడదు. అప్పటినుంచి కోడ్ లో అక్షరం, అంకె కానిది ఏదొచ్చినా ముందే తీసేస్తున్నాం. మీరు టికెట్ వేసేటప్పుడు ఇది కూడా సలహాగా రాయండి, పదిమంది రాస్తే ఎవరో ఒకరు చూస్తారు.

#24 మల్లెతీగ
నా ప్రశ్న మధ్యలో ఉండిపోయింది అండి, ఎవరైనా చెప్తారా?

#25 పాతకాపు
సారీ అమ్మా, గొడవలో పడి మర్చిపోయాం. ఐఫోన్ లో చాలా గేముల్లో బాక్స్ ఉండదు. యాపిల్ వాళ్ళ రివ్యూ రూల్స్ లో 3.1.1 అని ఒకటుంది, యాప్ లోపల కంటెంట్ తెరవడానికి లైసెన్స్ కీ లాంటి సొంత పద్ధతులు పెట్టకూడదని. అందుకే గేమ్ వాళ్ళు వెబ్ పేజీ పెట్టి అక్కడ లాగిన్ అయ్యి కొట్టమంటారు, పోకేమాన్ గో లో కూడా ఐఫోన్ వాళ్ళు అలాగే చేస్తారు. మీ గేమ్ అఫీషియల్ సైట్ లోకి మీరే అడ్రస్ కొట్టి వెళ్ళండి, గూగుల్ లో పైన కనబడిందల్లా నొక్కకండి. సర్వర్, క్యారెక్టర్ పేరు చూసుకుని ఓకే కొట్టండి. ఇంకోటి, యాపిల్ గిఫ్ట్ కార్డ్ కోడ్, అంటే ఎక్స్ తో మొదలయ్యే 16 స్థానాలది, గేమ్ పేజీలో పడదు, అది యాప్ స్టోర్ లోనే కొట్టాలి. దాన్ని గేమ్ లో కొట్టి ఇన్వాలిడ్ అంటోందని అడిగేవాళ్ళు కూడా ఉంటారు.

#26 మల్లెతీగ
పడింది అండి, చాలా థాంక్స్. పేరు చూసుకునే కొట్టా.

#27 చిన్నోడు_గిల్డ్
నీలికత్తి అన్నా, ఆ కోడ్ టైప్ చేసింది నేనే. గ్రూపులో లింక్ చూసి వచ్చా, మొత్తం చదివా. నా ఫోన్ లో తెలుగు, ఇంగ్లీష్ రెండు కీబోర్డులు ఉంటాయి, ఆ టైమ్ లో గ్రూపులో తెలుగులో మాట్లాడుతున్నా, అక్షరాలకి ఇంగ్లీష్ లోకి మార్చా, మధ్యలో ఎవరికో రిప్లై ఇవ్వడానికి తెలుగులోకి వచ్చి, అలాగే సున్నా కొట్టేసి మళ్ళీ ఇంగ్లీష్ కి వెళ్ళినట్టున్నా. నా కీబోర్డ్ సెట్టింగ్స్ లో చూస్తే అంకెలు తెలుగువి వచ్చేలా పెట్టి ఉంది, నేనెప్పుడు పెట్టానో కూడా తెలీదు. నా వల్ల నీ జెమ్స్ పోయాయి, బాక్స్ లాక్ అవ్వకపోతే నువ్వు వెబ్ కి వెళ్ళేవాడివే కాదు. చాలా సారీ అన్నా.

#28 నీలికత్తి
ఒరేయ్ తమ్ముడూ, నీ తప్పేముంది ఇందులో. అర్ధరాత్రి దాకా కూర్చుని మా అందరికోసం టైప్ చేసి పెట్టావు, నువ్వు పెట్టకపోతే ఆ మిగతా రెండు కోడ్లు కూడా నాకు తెలిసేవి కాదు. సర్వర్ పేరు చూసుకోకుండా ఓకే కొట్టింది నేను. దాని గురించి ఇంక ఆలోచించకు.

#29 నీలికత్తి
అప్‌డేట్. సపోర్ట్ నుంచి ఈరోజు పొద్దున జవాబు వచ్చింది. సర్వర్_గది అన్న చెప్పినట్టు అన్ని వివరాలూ ఇచ్చా కాబట్టి నేరుగా విషయానికే వచ్చారు, రివార్డ్ వేరే సర్వర్ కి మార్చడం కుదరదు అన్నారు. అంకెల సంగతి సంబంధిత టీమ్ కి పంపిస్తాం అన్నారు. గిల్డ్ లో మిగతా తొమ్మిదిమందిలో ఎనిమిదిమందికి గడువులోపల పడింది, ఒక్కడు నిద్రపోయి మిస్ అయ్యాడు. నాకు తొమ్మిది పుల్స్ దగ్గర ఆగింది, బ్యానర్ ఈ రాత్రి వెళ్ళిపోతుంది, తొమ్మిదీ విడివిడిగా లాగాను, కావాల్సింది రాలేదు. చిన్నోడికి మాత్రం మొదటి పుల్ లోనే వచ్చింది, కో ఆప్ లో నా పక్కనే తిప్పుతున్నాడు దాన్ని ఇప్పుడు.

#30 చిన్నోడు_గిల్డ్
అన్నా, వచ్చే స్ట్రీమ్ కి కోడ్లు నేను టైప్ చేయను, వీడియోలో ఆపి స్క్రీన్‌షాట్ పెడతా, దాన్ని చూసి కొట్టుకుంటే సరిపోతుంది. కీబోర్డ్ లో అంకెలు మామూలువి పెట్టేశా. నువ్వు ఆన్‌లైన్ కి రా, వీక్లీ బాస్ ఇంకా కొట్టలేదు మనం.